చూడకముందే రాసిన సినిమా వార్త

1979లో ఒక దినపత్రిక నన్ను నంద్యాల విలేకరిగా వేసింది. ఆళ్లగడ్డ కూడా నా పరిధిలోనిదే. చేరిన కొత్తలోనే ఒక వార్త తప్పు రాశాను. ఇంకొకటి తప్పు రాస్తే విలేకరి గుర్తింపు కార్డు వెనక్కి ఇచ్చేయాలని కర్నూలు ఆఫీసు ఇన్‌చార్జి హెచ్చరించారు.

రోజూ వార్తలన్నీ ఒక కవరులో పెట్టి, ఆళ్లగడ్డ నుంచి వచ్చే రెండు గంటల కర్నూలు బస్సు డ్రైవరుకు అందించాలి. ఆ బస్సు తప్పితే వార్త మర్నాటి పేపర్లో ఉండదు. అందుకని మధ్యాహ్నం సభల వార్తలు పొద్దున్నే రాసేసేవాళ్లం. దాన్ని ముందస్తు కాపీ అనేవాళ్లం. వక్త ఏం మాట్లాడతాడో ముందే అడిగి తెలుసుకుంటే సరిపోయేది.

ఆ డిసెంబరులో నంద్యాలలోని ఒక కాలేజీ, విదేశీ బొమ్మల సినిమా ఒకటి విద్యార్థులకు ఉచితంగా వేసింది. ఆట రెండున్నరకు. బొమ్మల సినిమా అంటే నవ్వులాటే కదా అనుకున్నాను. విద్యార్థులు కడుపుబ్బ నవ్వారని రాసి, కవరు బస్సుకిచ్చి, తీరిగ్గా హాలుకు వెళ్లాను.

కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టారు. నా పక్కన వీరాచారి కూర్చున్నాడు. ఆళ్లగడ్డ శిల్పి, కాలేజీలో విగ్రహం నిలబెట్టడానికి వచ్చాడు. తెర మీద చెక్కబొమ్మ ముసలాయన, ఆయన గాడిద. మాటల్లేవు. ఏరు దాటుతుంటే గాడిద కొట్టుకుపోయింది. దాని మెడలోని గంట చేతబట్టుకుని ముసలాయన ఇల్లు చేరాడు. ఒక్కరూ నవ్వలేదు. లైట్లు వేశారు.

వీరాచారి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “ఆ బొమ్మకు కంటి రెప్ప గూడ లేదప్పా. చేసినోడు అంత దుఃఖం యాడ పెట్టినాడు? పేపర్లో బాగా రాయి,” అన్నాడు. రాసేశానని, ఏం రాశానో చెప్పాను.

“సూడకనే రాసినావా! బండను తట్టి సూడకుండా నేను ఉలి పెడితే ఏమైతాది? లోపల పగులుంటే దేవుడు కావాల్సింది మెట్టయితాది. నా మొగం సూస్తాండావేంది, పో!”

అప్పటికి నాలుగు. కవరు కర్నూలు చేరే వేళ. ఆరింటికి అక్కడ వార్తలు ప్రెస్సుకు వెళ్లే టెలిప్రింటరెక్కుతాయి. ఆపమని చెబితే కార్డు పోతుంది. చెప్పకపోతే, హాల్లో ఉన్న అందరికీ తెలిసిన అబద్ధం అచ్చవుతుంది. ప్రిన్సిపాల్ గదిలో ట్రంక్ కాల్ బుక్ చేసి కుర్చీ వదలకుండా కూర్చున్నాను. నాలుగోసారి అడిగినప్పుడు ఎక్స్చేంజి ఆమె, “లైను నా చేతిలో ఉందా అన్నా? కాచుకో,” అని కసిరింది.

ఐదున్నర దాటాక కలిసింది. చూడకుండా రాశానని, ఆ వార్త ఆపమని చెప్పాను. ఇన్‌చార్జి, “చూసిందేందో చెప్పు, రాసుకుంటా. కార్డు మాత్రం రేపటి కవర్లో పెట్టి పంపు,” అన్నారు.

మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి. నాలుగూ నిజమే. అదే మధ్యాహ్నం అదే బస్సుకు కార్డు పంపేశాను.

మూడు నెలల తర్వాత ఇన్‌చార్జే కార్డు తిరిగి పంపారు. ఆపైన పాతికేళ్లు పనిచేశాను. రెండు గంటల బస్సుకు అందని వార్తలు మరుసటి రోజు బస్సుకు వెళ్లాయి. ఆలస్యానికి చాలాసార్లు మాట పడ్డాను. వార్త ఆపమని మాత్రం మళ్లీ ఫోను చేయవలసి రాలేదు.