రుమాలు కింద దొరికిన సముద్రపు దొంగ

1938లో నా వకాలతు పత్తర్‌గట్టిలో, ముత్యాల దుకాణాల పై అంతస్తులో సాగేది. ఓ ఉదయం కింది దుకాణం కరీం భాయ్ తన తమ్ముడు సలీంను వెంటబెట్టుకొని మెట్లెక్కి వచ్చాడు.

ఆ ఏడాది మొదట్లో సలీం బస్రా నుంచి ముత్యాల మూట తెస్తుంటే, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న దొంగలు నడిసముద్రంలో పడవెక్కి దోచుకున్నారు. బజారు నమ్మలేదు, వాడే మింగాడంది. ముత్యాల బేరంలో ధర నోటితో చెప్పరు. రుమాలు కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకుంటారు. సలీంతో అలా చెయ్యి కలపడం అందరూ మానేశారు.

"మొన్న ఒక ఓడమనిషి ముత్యాలు అమ్మనీకె మా దుకాణానికి వచ్చిండు, వకీల్ సాబ్," అన్నాడు సలీం. "రుమాలు కింద చెయ్యి పెట్టిన. చిటికెనవేలు లేదు! నా మెడలకెల్లి మూట గుంజుకున్న చెయ్యి గదే. ముత్యాలు గూడ మావే. పోలీసులకు పట్టిచ్చిన."

"మరి ఫికర్ ఏంది?" అన్నాను.

"వాని బారిస్టర్ గీ కోర్టుకు అధికారమే లేదంటున్నడు," అన్నాడు కరీం భాయ్. "కేసు కొట్టేస్తే నా తమ్ముడు జిందగీ అంత దొంగనే."

దీన్నే మేం జ్యూరిస్‌డిక్షన్ అంటాం, అంటే విచారించే అధికారం. నడిసముద్రంలో జరిగినదానితో, సముద్రమే లేని మన రాజ్యానికేం పని అని బారిస్టర్ వాదన. నాకు ఒళ్లు మండింది. కానీ పుస్తకాలు తిరగేస్తే, ఆ వాదనలోనే నాకు దారి కనిపించింది.

విచారణ రోజున, ఇది ఏ రాజ్యానికీ సంబంధం లేని సంగతి అనమని ముద్దాయికి బారిస్టర్ పాఠం బాగానే నేర్పి తెచ్చాడు. కోర్టు భాష ఉర్దూ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పడవ ఏదో రేవు దగ్గరే ఉందేమో?" అన్నాను ముద్దాయితో.

"రేవా! నాలుగు దిక్కులా నీళ్లే. ఏ రాజు హద్దూ కాదది."

"మీ రాజు హుకుం మీద ఎక్కారా?"

"మాకు రాజూ లేడు, జెండా లేదు. మా కోసమే ఎక్కాం."

ఆపమన్నట్టు బారిస్టర్ ఒకటే దగ్గాడు. అప్పటికే ఆలస్యమైంది.

జడ్జి వైపు తిరిగాను. తీరం దగ్గర దోచుకుంటే ఆ తీరపు రాజ్యం విచారించాలి. రాజు హుకుంతో దోచుకుంటే దాన్ని యుద్ధమనవచ్చు. ఎవరి హద్దూ కాని సముద్రంలో సొంత లాభానికి దోచుకుంటే మాత్రం అది పైరసీ. అలాంటి దొంగ లోకానికంతటికీ శత్రువు, ఎక్కడ దొరికితే అక్కడి కోర్టు విచారించవచ్చు.

"హుజూర్, ఈయన దొరికింది పత్తర్‌గట్టిలో!" అన్నాను.

హాలంతా ఘొల్లున నవ్వింది. బారిస్టర్ అభ్యంతరం వీగిపోయింది. విచారణ సాగి ముద్దాయికి శిక్ష పడింది, మూట అన్నదమ్ములకు చేరింది. ఆ రోజు పొంగిపోయానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఎదుటివాడు ఒక మాటను గట్టిగా పట్టుకుంటే గుంజుకోకూడదు, ఇంకా గట్టిగా పట్టుకోనివ్వాలి. ఆ కేసు నాకు నేర్పింది అదే.

మర్నాడు, సలీంను అందరికన్నా ముందు దొంగ అన్న పెద్ద వ్యాపారి తన దుకాణం దిగి వచ్చాడు. నలుగురూ చూస్తుండగా రుమాలు పరిచాడు.

"రా బేటా, చెయ్యి పెట్టు."

సలీం రుమాలు కింద చెయ్యి పెట్టాడు. బేరం మాత్రం పైసా తగ్గకుండా చేశాడు.