పెట్రోలు పెరిగాక మా ముచ్చట్లు

పెళ్లయిన కొత్తలో మా ఆయన, నేను మనసు విప్పి మాట్లాడుకున్నదంతా బండి మీదే. నమ్మరు గానీ నిజం! బోయిగూడలో అత్తవారిది రెండు గదుల ఇల్లు, తొమ్మిది మందిమి. మొగుడితో నాలుగు మాటలు మాట్లాడదామంటే ఎవరో ఒకరు తొంగిచూసేవారు. పొద్దున్నే ఆయన నన్ను హైటెక్ సిటీలో ఆఫీసు దగ్గర దింపి, వెనక్కొచ్చి సికింద్రాబాద్‌లో తన అద్దాల దుకాణం తెరిచేవారు. ఇంట్లో నోరు మెదపని మనిషి, బేగంపేట దాటేసరికి ఒకటే వాగుడు! నేను వెనక నుంచి అరిచి జవాబులు చెప్పేదాన్ని.

అంతలో పెట్రోలు మళ్లీ పెరిగింది. మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు.

"రోజూ గంత దూరం పోవుడు, ఉత్తగ వచ్చుడు ఏందిరా? పెట్రోల్ ఏమన్న నల్లా నీళ్లా? రేపటిసంది కోడలు రైల్ల పోతది."

ఆయన తల దించుకున్నారు. నాకు మాత్రం లోపల ఒకటే హుషారు. లోకల్ రైలెక్కాలని ఎన్నాళ్ల కోరికో!

అబ్బ, ఆ మొదటి రోజు! ఆడవాళ్ల పెట్టెలో ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఇంకొకావిడ తన మల్లెదండ తుంచి సగం నా జడలో పెట్టింది. పొగ లేదు, సిగ్నళ్లు లేవు. అరగంట ముందే ఆఫీసులో ఉన్నాను! సాయంత్రం అదంతా ఇంటిల్లిపాదికీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మామయ్య "చూసిన్రా!" అని మురిసిపోయారు. ఆయన మంచినీళ్లు తాగి బయటికి వెళ్లిపోయారు.

వారమంతా ఆయన "తిన్నవా?" అనడం, నేను "ఆఁ" అనడం. అంతే. ఛీ, ఎంత మొద్దుదాన్నో, నాకు తట్టనే లేదు.

సోమవారం నేను గుమ్మం దాటుతుంటే ఆయన చెప్పులేసుకుని వెంట వచ్చారు.

"బండేదండీ?"

"స్టేషన్ దాంక నడుస్తా. నడిచేటందుకు పెట్రోల్ గావాల్నా?"

వీధి మలుపు తిరిగామో లేదో, మొదలుపెట్టారు! దుకాణంలో పగిలిన నిలువుటద్దం, బేరమాడి తిట్టిపోయిన ముసలాయన, మేడ మీద మా ఇద్దరికీ చిన్న గది వేయించాలన్న ఆలోచన. అప్పటికి గానీ తెలియలేదు, నేనెంత ఆకలిగా ఉన్నానో ఆ మాటల కోసం.

మాట సగంలో ఉండగానే ప్లాట్‌ఫారం మీదికి రైలొచ్చింది.

"ఎక్కు, లేటయితది," అన్నారు.

"తర్వాతది ఎక్కుతాను. గదికి కిటికీ ఎటువైపో ముందు చెప్పండి."

రైలు వెళ్లిపోయింది. గబగబా వెళ్లి ఖాళీ బెంచీ మీద కూర్చున్నాం. మీరు దుకాణం తెరవాలి కదా అన్నాను. ఆయన జేబులోంచి ప్లాట్‌ఫారం టికెట్టు తీసి నా చేతిలో పెట్టారు.

"గిది రెండు గంటలు నడుస్తది," అన్నారు.