గాజు దారానికి తాయెత్తు

ఖైరున్‌బీ వేళ్ళకు కళ్ళున్నాయని ధర్మవరంలో అంటారు. చెవులు కూడా ఉన్నాయని బుక్కపట్నం దాకా పుకారు. ముప్పై ఏళ్ళు ఆమె చేనేత మగ్గాల మీద పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతికింది, పోగు వెంట పోగు. మరమగ్గాలొచ్చి ఆ పని పోయాక, పెనుకొండ గుట్టలో ఒక పాత సొరంగం ఊడ్చే పనికి కుదిరింది. తీరా చూస్తే అక్కడా దారమే! ప్రాణం లేచొచ్చింది.

ఈసారిది గాజు దారం, వెంట్రుకంత సన్నం. రెండు కొసలూ బండకు బిగించి, లోపల చిట్టి అద్దాలు అమర్చారు. వాటి మధ్య వెలుగు అటూ ఇటూ వేలసార్లు పరుగెత్తుతుంది. భూకంపాల జాడ కోసం, గుట్ట వెంట్రుకలో కోటో వంతు సాగినా పట్టేసి కంప్యూటర్‌లో గీతగా చూపిస్తుంది. ఆ వెలుగునిచ్చే లేజర్ మాత్రం చలించకూడదు. అందుకని దాన్ని కదలని ఒక గాజు పెట్టెకు కట్టేశారు, దొంగ గొడ్డును గుంజకు కట్టినట్టు.

ఇంతా చేస్తే, మూడు రోజులుగా ఆ గీత సెకనుకోసారి ఊగుతోంది. మధ్యాహ్నం డబ్బులిచ్చే పెద్దలు చూడటానికొస్తున్నారు. గీత నిలవకపోతే సొరంగానికి తాళం, ఖైరున్‌బీ ఇంటికి. ఇంజనీరు నిఖిత, హిందూపురం పిల్ల, లేజర్‌ను విప్పీ బిగించీ అలిసిపోయింది.

"గుట్టకు ఎక్కిళ్ళొచ్చినాయేమో పాపా, నీళ్ళు తాపు!"

"నవ్వించొద్దవ్వా, నాకు ఏడుపొస్తాండాది."

ఖైరున్‌బీ దారం బిగించిన చోట వేలు ఆనించింది. లాగుతోంది, వదులుతోంది. లాగుతోంది, వదులుతోంది. ఆ లాగుడు దేనిదో ఆమెకు తెలిసిపోయింది. చెబితే పని పోతుంది. చెప్పకపోయినా పోతుంది.

"మూడు రోజుల కింద అవతలి కొసకు తాయెత్తు కట్టినా పాపా. మా ఇంట్లో కొత్త పడుగుకు కట్టందే మగ్గం మీద నాడె కదిలేది కాదు. ఈ గాజు దారం రెండుసార్లు తెగింది కదా, దిష్టేమోనని..."

నిఖిత టార్చి పట్టుకుని పరుగెత్తింది. బండ చాటున, సొరంగం గాలికి, వెండి తాయెత్తు ఉయ్యాల ఊగుతోంది.

"మూడు రోజులు లేజర్‌ను తిట్టిపోసినానే!" అని కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

తాయెత్తు విప్పగానే గీత గాలి లేని చెరువులా పరుచుకుంది.

పెద్దలొచ్చారు. వాళ్ళలో బట్టతలాయన పెదవి విరిచాడు. "ఇది పని చేస్తాందా, నిద్రపోతాందా?"

నిఖిత కన్ను గీటింది. ఖైరున్‌బీ వెళ్ళి, వేడి టీ మీద ఊదినట్టు దారం మీద మెల్లగా ఊదింది. గీత గుట్టంత లేచింది! బట్టతలాయన కుర్చీలోంచి అంతకంటే ఎత్తు లేచాడు. తానూ ఊదుతానన్నాడు. మిగతావాళ్ళు ఆయన వెనక వరుస కట్టారు.

తాళం పడలేదు. తాయెత్తు ఇప్పుడు సొరంగం తలుపుకు వేలాడుతోంది.

"ఈడుంటే గీతకు తెలీదు కదా పాపా?"

"తెలీదవ్వా."

ఖైరున్‌బీ నమ్మదు. రోజూ తాయెత్తును ఒక్క ఊపు ఊపి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గీత చూడటానికి లోపలికి పరుగెత్తుతుంది.