చెరువు చూపించకుండా అమ్మిన నావ

మా చిన్నప్పుడు... సరూర్‌నగర్ చెరువు ఒడ్డున మా నాయిన యాదయ్య తన నావను బోర్లించి గడ్డిచుట్టతో తోముతున్నాడు. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. ఆ రోజు దాన్ని అమ్మేస్తున్నాం.

అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. నేను మూడో తరగతి. దిల్‌సుఖ్‌నగర్ అంటే అప్పటికి నాలుగు సందులు... ఎల్బీనగర్ వైపు రాళ్లూ, సీతాఫలం పొదలూ. నాయినకు మలక్‌పేటలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు కొలువు దొరికింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా ఇంట్లో అదే మొదటి నెల జీతం. ఇక చేపలు పట్టే తీరిక లేదు.

కొనడానికి వచ్చింది అప్పారావు. గోదావరి వైపు వడ్రంగి. మా వెనక సందులో కిరాయికి ఉండేవాడు. వాళ్ల అబ్బాయి రమణా నేనూ బడిలో ఒకే పీట. బందులకు కట్టెల మిల్లు మూతపడి ఆయన చేతిలో పని లేదు. చేపలు పట్టయినా పిల్లల్ని సాకుదామని ఆశ.

నావ చుట్టూ తిరిగి, చెక్కల మీద వేలితో కొట్టి చూశాడు.

"టేకు కాదండి, మద్ది. అయినా పర్లేదు. చేసినోడికి చెయ్యి తిరిగుంది."

"చేసింది నేనే అన్న."

"అయితే ఇంక ధర తగ్గించమనడానికి నాకు నోరు రాదండి యాదయ్యగారూ."

ఇద్దరూ నవ్వుకున్నారు...

మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. బేరం కుదిరినంత మాత్రాన నావ చేతులు మారదు. అమ్మినవాడు కొన్నవాణ్ని ఎక్కించుకుని చెరువంతా ఒక చుట్టు తిప్పాలి. బండ ఎక్కడ, బురద ఎక్కడ, లోతు ఎక్కడ... నావను తోసే గడ వాడి చేతికే ఇచ్చి పొడిపించి చెప్పాలి. దాన్ని 'చెరువు చూపించుడు' అనేవాళ్లు.

అది ఊరికే మర్యాద కాదు. తూర్పు మూల నీళ్ల అడుగున పాత మోటబావి ఒకటి ఉండేది. చుట్టూ నడుము లోతే. అక్కడ మాత్రం గడకు అడుగు తగలదు. ఒళ్లు బరువంతా దాని మీద వేసి తోసేవాడు గడతో పాటే పోతాడు. నావలో నాయిన ముందు కూచుని తిరిగిన నాకు ఆ చోటు కళ్లు మూసుకున్నా తెలుసు.

ఆ పొద్దున్నే మా శంకరన్న అడ్డుపడ్డాడు. కాలేజీ చదువు. ఊరేగింపులో లాఠీ దెబ్బ తిని చేతికి కట్టుతో ఉన్నాడు.

"అమ్ముతె అమ్ము నాయినా, నీ నావ నీ ఇష్టం. చెరువు మట్టుకు చూపియ్యకు."

"గట్లెట్ల రా? పద్ధతి గాదు."

"మన కొలువులు గుంజుకున్నోళ్లకు ఉన్నదా పద్ధతి? గా చెరువుల ఏమున్నదో గదైనా మనకుండనియ్యి."

నాయిన అన్న చేతి కట్టు వైపు చూశాడు.

అందుకే బేరం అయ్యాక ఒడ్డున గడ అప్పారావు చేతికిచ్చి, "జర పనున్నది అన్న," అని గబగబా వెళ్లిపోయాడు. మా పద్ధతి అప్పారావుకు తెలియదు. వాళ్ల పద్ధతేమిటో మేము అడగలేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, లోతు ఎక్కడుంటాదో నీకేమన్నా తెలుసా?"

కట్ట మీద అన్న నిలబడి ఉన్నాడు.

"నాకు దెల్వది," అన్నాను.

"పోన్లే. గోదాట్లో ఈదినోణ్ణి, ఈ చెరువో లెక్కా," అని నా బుగ్గ గిల్లాడు.

మూడో రోజు పొద్దున ఖాళీ నావ గాలికి కట్ట దగ్గరకు కొట్టుకొచ్చింది.

నాయిన ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా తూర్పు మూలకు పోయి మునిగాడు... ఎక్కడ వెతకాలో తెలిసి ఉండడమే మా ఇంటి నేరం. అప్పారావు శవం ఆ బావిలోనే దొరికింది. ఈత వచ్చిన మనిషే. తామర తూళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి.

ఆయన భార్య సూరమ్మ మా నాయినకు చేతులు జోడించింది. "మీరు లేకపోతే మనిషి ఆనవాలు కూడా దొరికేది కాదు అన్నయ్యగారూ."

నాయిన అక్కడే చతికిలబడ్డాడు. నిజం చెప్పలేదు. వారం తిరక్కుండా రమణా వాళ్లూ లారీలో సామాను వేసుకుని వెళ్లిపోయారు. నేను గుమ్మం దాటి బయటికి రాలేదు.

ఇది చదివి కొందరికి మండుతుంది. మండనివ్వండి. నలభై ఏళ్లకు మళ్లీ ఉద్యమం లేచింది; నిన్న కూడా దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో కూచున్నాను, రేపూ కూచుంటాను. తెలంగాణ కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. మా కొలువులు దోచుకున్నది నిజం. కానీ దోచినవాడు మా వెనక సందులో కిరాయికి ఉన్నాడా? ఆ దోచినవాడికి చెరువును ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. పూడ్చి, ప్లాట్లు కొట్టి అమ్ముకున్నాడు. అందులో వాళ్లవాళ్లూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు... పక్కపక్కన కూచుని సంతకాలు పెట్టారు.

అది ప్రమాదమే కదా అంటారా? ఎనిమిదేళ్ల పిల్లవు, నీకేం తెలుసు అంటారా? నాకు బావి తెలుసు.

ఇప్పుడా తూర్పు మూల నీళ్లే లేవు. మూడంతస్తుల హాస్టలు లేచింది. నాయిన పోయాడు... అన్న కూడా పోయాడు, అప్పారావు పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండానే.

మనకు జరిగిన అన్యాయాలు రోజూ రాస్తున్నాం. రాయాలి కూడా. ఈ ఒక్కరోజు మాత్రం మన ఇళ్లలో మనం చేసినవి రాయండి... చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, పక్కన కూచుని అడిగి రాయండి.