కుంచంతో కొలిచిన కెమిస్ట్రీ

మొన్న కోటబొమ్మాళి దగ్గర మా మేనత్తగారి ఊరు వెళ్లినప్పుడు, బావ తన మనవణ్ణి నా ముందు కూర్చోబెట్టి, వీడు ఇంటర్లో చేరాడు, నాలుగు కెమిస్ట్రీ లెక్కలు చెప్పి పొమ్మన్నాడు. నేనేం చెప్పినా ఆ కుర్రాడు బుద్ధిగా తలాడించి, వెంటనే అది నిజమో కాదో ఫోన్లో చూసుకుంటున్నాడు. బావకి ఒళ్లు మండింది. "తాత సెప్తంటే మళ్లీ అందులో సూడ్డమేటిరా? బుద్ధి నేదేటి నీకు?" అని కసిరాడు. చూసుకోనీ బావా అని అడ్డుపడ్డాను గానీ, ఆ మాటంటూ బావ ముఖంలోకి చూడలేకపోయాను.

అరవైల చివర మేమిద్దరం శ్రీకాకుళంలో ఒకే గదిలో అద్దెకుండి పీయూసీ చదివాం. బావ నాకంటే ఏడాది పెద్ద. మన కాలంవారికి ఆ కష్టం చెప్పనక్కర్లేదు. హైస్కూలు దాకా ఆమ్లజని, ఉదజని అని తెలుగులో చదువుకొచ్చినవాళ్లం, కాలేజీలో మేస్టారు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతుంటే గుడ్లప్పగించి చూసేవాళ్లం. అందులోనూ బావ నూర్పుల కోసం ఊరెళ్లి, చాలా పాఠాలు పోగొట్టుకుని, పరీక్షలు నెత్తిమీదికొచ్చాక తిరిగొచ్చాడు. తప్పితే చదువు కట్టిపెట్టి నాగలి పట్టడమేనని వాళ్ల నాన్న, అంటే మా మావ, ముందే తేల్చి చెప్పేశాడు. మావ అన్నంత పనీ చేసే మనిషి.

గ్రామ్ మాలిక్యులర్ వాల్యూమ్ అన్నది ఎన్నిసార్లు చెప్పినా బావ బుర్రకెక్కలేదు. చివరికి నాకో ఊహ తట్టింది. కళ్లంలో కుంచం ఒకటే కదా, దాన్నిండా ధాన్యం పోస్తే ఒక బరువు, ఊక పోస్తే ఒక బరువు. అలాగే ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లనేది ఒక కుంచం అనుకో, హైడ్రోజన్ నింపితే రెండు గ్రాములు తూగుతుంది, ఆక్సిజన్ అయితే ముప్పై రెండు తూగుతుంది అన్నాను. బావ ముఖం వెలిగిపోయింది. "ఓర్నీ, ఇంతేనేటిరా!" అని నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. అక్కణ్ణించి లెక్కలన్నీ ధాన్యం కొలిచినట్టే చేసేవాడు. కొలత మొదట్లో ఒకటి అనరు గదా, లాభం అంటారు. ఒక గ్రామ్ మాలిక్యూల్, అంటే మా లెక్కలో ఒక కుంచం, వస్తే బావ కూడా లాభం అని, ఆపైన రెండు, మూడు అనేవాడు. నేను నవ్వలేక చచ్చేవాణ్ణి.

ఆ కుంచం వాయువులకే గానీ నీళ్లకీ రాళ్లకీ పనికిరాదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ, ఇప్పుడీ సంబరాన్ని ఆ మెలికలతో పాడుచెయ్యడం ఎందుకు, రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు.

పరీక్ష రోజున బావ ఈల వేసుకుంటూ హాల్లోంచి బయటికొచ్చాడు. పద్దెనిమిది గ్రాముల నీటికి ఎంత ఘనపరిమాణం ఉంటుందని అడిగారట, నీటికి అది సరిగ్గా ఒక గ్రామ్ మాలిక్యూల్ కాబట్టి తను లాభం అనుకుని ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లని రాసేశాడట. గుక్కెడు నీళ్లని బిందెడు చేశాడు! సున్నపురాయిని కూడా ఆ కుంచంతోనే కొలిచాడు. ఏళ్ల తరబడి చేలకి నీళ్లు పెట్టినవాడు, గుక్కెడేదో బిందెడేదో తెలియని మనిషా? తెలిసినా, తన కళ్లకంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు.

ఫలితాలొచ్చిన పేపర్లో నా నంబరుంది, బావది లేదు. పోయింది కెమిస్ట్రీ ఒక్కటే. మావ అన్నంత పనీ చేశాడు. ఊరికి బయల్దేరుతూ బావే నన్ను ఓదార్చాడు: "దిద్దినోడెవడో గానీ ఆడికే రాదురా. నువ్వు సెప్పినట్టే రాసినాను గదా, తప్పెలాగవుతాది?" నిజం చెప్పకుండానే పెట్టె అందించి బస్సెక్కించాను. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం చేసి, ఇవాళ పింఛను తీసుకుంటున్నాను. బావ ఇప్పటికీ ఆ దిద్దినవాణ్ణే తిడతాడు, నన్ను పదిమందిలో పొగుడుతాడు. ఆ పొగడ్త విన్నరోజు నాకు అన్నం సయించదు.

ఈ కాలప్పిల్లలు ఎవరి మాటా నమ్మరని, పెద్దలంటే గురి పోయిందని మన ఈడువాళ్లం నలుగురం చేరితే వాపోతుంటాం, నేనూ వంత పాడుతుంటాను. నిజమే, మా బావకి నా మీద ఉన్నంత గురి ఇప్పుడెవరికీ ఎవరి మీదా లేదు. అది లేకపోయుంటే బావ పాసయ్యేవాడు.