సుద్దముక్క వదిన పీట

ఆ షెడ్డుకి కిటికీ ఒక్కటే. దాని పక్కన వెల్డింగ్ చేసే బావగారి స్టూలు. ఎదురుగా, గాలి తొంగి కూడా చూడని మూలలో టంకం పెట్టే మరదలి పీట. బావగారికి ముఖానికి అద్దం తొడుగు, నెత్తిన ఫ్యాను. ఆమెకి చీర కొంగు. పదహారేళ్ల టంకం పొగ ఆ కొంగులోంచే ఆమె ఊపిరిలోకి వెళ్లింది. ఒకసారి చోటు మార్చమని అడిగితే, చిన్న పనికి కిటికీ ఎందుకమ్మాయ్ అన్నాడు బావగారు. ఆమె మళ్లీ అడగలేదు.

నిజానికి ఆ చిన్న పని చేసే మనిషి చెయ్యి పడందే అక్కడ పెద్ద పని మొదలయ్యేది కాదు. ఏ వస్తువు వచ్చినా ముందు ఆమె దగ్గరికే. గోటితో మీటి రేకు మందం వినేది, అయస్కాంతం ఆనించేది, ఎంత బరువు మోయాలో అడిగేది. ఆపైన సుద్దముక్కతో గుర్తు. బరువు మోసే ఇనుముకి ఇంటూ, అంటే వెల్డింగు. పల్చటి రాగికీ ఇత్తడికీ సున్నా, అంటే టంకం. బావగారు గుర్తు చూసి పని కానిచ్చేవాడు. ఎందుకని ఏనాడూ అడగలేదు. మెప్పంతా ఆయనకే పోయేది. వచ్చేవాళ్లకి ఆమె సుద్దముక్క వదిన, అంతే.

ఒక ఉదయం కూలీల క్యాంటీన్ నడిపే ఆవిడ మంచినీళ్ల రాగి డ్రమ్ము తెచ్చింది. ఇనప స్టాండు కాలు విరిగింది, ఇత్తడి కుళాయి మొదట్లో కారుతోంది. వదిన కాలికి ఇంటూ గీసింది. సుద్ద కుళాయి దాకా పోకముందే దగ్గు పట్టుకుంది. ఎంతకీ ఆగకపోతే క్యాంటీన్ ఆవిడే పక్క వీధి డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది.

బావగారికి ఇంటూ ఒక్కటే కనిపించింది. మొత్తానికీ అదే అనుకున్నాడు. స్టాండు కాలు దివ్యంగా అతుక్కుంది. కుళాయి దగ్గర రాడ్డు ఆనించాడో లేదో, రాగి వెన్నలా జారి పిడికిలంత బొక్క పడింది.

తిరిగొచ్చిన ఇద్దరూ దాన్ని చూసి నిలబడిపోయారు. మధ్యాహ్నానికి నూటయాభై మంది నీళ్లకి వస్తారు.

"ఇంటూ పెట్టింది నువ్వేగా," అన్నాడు బావగారు.

"స్టాండుకి పెట్టాను బావగారూ. నిండు డ్రమ్ము మోయాల్సింది అదే. కుళాయి మీద ఏం బరువుందని? టంకానికి రాగి కరగక్కర్లేదు, మధ్యలో తగరం కరిగితే చాలు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"పదహారేళ్లలో మీరు అడిగిందెప్పుడు?"

వదిన బొక్కకి సరిపడా రాగి రేకు కత్తిరించి, మధ్యలో కుళాయికి చిల్లు చేసింది. తాగే నీళ్లు కనక సీసం కలిసిన టంకం పక్కన పడేసి, సీసం లేనిది తీసింది. అన్నీ సిద్ధం చేసుకుని, పీట మీద మాత్రం కూర్చోలేదు. ఆ పొగలో ఇంకా కూర్చుంటే ఇక మందులు కూడా పనిచేయవని డాక్టరు చెప్పిన సంగతి అప్పుడు బయటపెట్టింది.

"కిటికీ దగ్గరైతే చేస్తాను. మూలలో ఇక కూర్చోను."

బావగారు మొహం ముడుచుకుని వెళ్లి కిటికీ పక్కన తన స్టూలు మీద కూర్చున్నాడు. క్యాంటీన్ ఆవిడ చేతులు నడుం మీద పెట్టుకుంది. "లేస్తావా బాబాయ్, లేకపోతే నూటయాభై మందికీ నువ్వే వచ్చి దోసిళ్లతో పోస్తావా?"

స్టూలు వాకిట్లోకి జరిగింది. పీట కిటికీ పక్కకి వచ్చింది. మధ్యాహ్నానికి డ్రమ్ము నిండింది, చుక్క కారలేదు. వదిన దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు.

ఈసారి ఏదైనా విరిగి మీరు రిపేరు షాపుకి వెళ్తే, పని చెప్పే ముందు మూలలోకి ఒకసారి చూడండి. అక్కడెవరైనా కొంగు అడ్డం పెట్టుకుని పొగలో కూర్చుని ఉంటే, ఆ పీట కిటికీ దగ్గరికి జరిపాకే మీ వస్తువు ఇస్తానని చెప్పండి. వాళ్లు అడిగితే లేవని యజమాని మీరు అడిగితే లేస్తాడు.