వెల్ఫేర్ ఫోల్డరూ, వనభోజనాల బస్సూ

ఆఫీసు వాళ్ళ వనభోజనాల బస్సు తన వీధి మొగలో ఆగితే, కర్టెన్ వెనక దాక్కున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. నవ్వొస్తే టీ కప్పు పక్కన పెట్టి నవ్వండి.

మాది పోర్టులో సరుకు దింపించే ఏజెన్సీ. ఆఫీసు ద్వారకా నగర్‌లో. కంప్యూటర్ల సెక్షన్ మొత్తానికి నేనొక్కడినే. గాజువాకలో ఒంటి గది. నాతో ఎవరైనా మాట్లాడారంటే పాస్‌వర్డ్ మర్చిపోయారని అర్థం. పని కాగానే "థ్యాంక్స్" అని వెళ్ళిపోతారు. లంచ్‌లో అందరూ ఒకచోట చేరి గొల్లున నవ్వుతుంటే, నేను సర్వర్ రూమ్‌లో ఏసీ చప్పుడు వింటూ డబ్బా విప్పుకుని తింటాను. పిలవని పేరంటానికి పోవడమెందుకని!

మొన్న ఆదివారం పొద్దున్నే కింద ఒకటే హారన్. కర్టెన్ తొలగించి చూద్దును కదా, మా ఆఫీసు జనం! డాక్ సెక్షన్ అప్పలనాయుడు, అకౌంట్స్ ఎస్తేరు మేడమ్, అందరూ బస్సులో ఉన్నారు. టాప్ మీద గంగాళాలు! కార్తీక మాసం కదా, తగరపువలస వైపు ఏదో తోటకి బయల్దేరారన్నమాట. నాకు మాటమాత్రం చెప్పలేదు! మనసు చివుక్కుమంది. అయినా నేను కనబడితే, పిలవనందుకు పాపం వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని కర్టెన్ లాగేసి గోడకి అంటుకుపోయాను. చూశారా నా సంస్కారం!

ఇంతలో ఫోన్. నాయుడు! వనభోజనాలకి పోతూ కూడా పాస్‌వర్డేనా అని సైలెంట్‌లో పెట్టేశాను. బస్సు వెళ్ళిపోయింది. ఉప్మా చేసుకుని సగం పారేశాను.

సోమవారం నాయుడు మొహం ముడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"బావా, నిన్నటి ఫొటోలు నా ఫోల్డర్లోంచి వెల్ఫేర్ ఫోల్డర్లోకి లాగీసినాను. నాకు కనబడతన్నాయి గానీ మిగతావోళ్ళకి యాక్సెస్ డినైడ్ అంతంది. ఏటిది?"

ఇది నాకు కొట్టిన పిండి. పెద్ద ఫోల్డర్‌కి ఇచ్చిన పర్మిషన్లు లోపల పుట్టినవాటికి వాటంతటవే వస్తాయి, నాన్న ఇంటిపేరు పిల్లలకి వచ్చినట్టు. దాన్నే ఇన్హెరిటెన్స్ అంటాం. కానీ ఒకే డ్రైవ్‌లో ఇటునుంచి అటు లాగేస్తే, ఆ ఫోల్డర్ పాత ఇంటిపేరుతోనే తిరుగుతుంది. "లాగకూడదు బావా, కాపీ చెయ్యాలి" అని క్లాసు పీకి, అతని లాగిన్‌తోనే సరిచేశాను. ఒకసారి నా మామూలు లాగిన్‌తో టెస్ట్ చేద్దామని చూస్తే... ఫొటోలు కాదు కదా, అసలు వెల్ఫేర్ ఫోల్డరే లేదు!

"ఏదీ? నాకిక్కడ లేదే?"

"కళ్ళు గానీ పోనాయేటి? ఆఫీసు మొత్తానికీ ఉంది! పుట్టిన్రోజులు, పెళ్ళిళ్ళు, వనభోజనాలు, అన్నీ అందులోనే కదా మేడమ్ పెడతాది. ఎవులూ ఎవులికీ నోటితో సెప్పరు, అందులో సూసుకోవడమే!"

అడ్మిన్ లాగిన్‌తో లోపలికెళ్ళి చూశాను. కాంట్రాక్టర్ల కంట పడకూడదని పోయినేడు మేడమ్ అడిగితే, ఆ ఫోల్డర్‌కి ఇన్హెరిటెన్స్ తెంచేసి, ఒక్కో సెక్షన్నీ చేత్తో చేర్చింది ఎవరు? నేనే! డాక్, అకౌంట్స్, స్టోర్స్, ఆఖరికి సెక్యూరిటీ కూడా ఉంది. నా సెక్షన్ లేదు. పర్మిషన్ లేనివాళ్ళకి ఫోల్డర్ ఉన్నట్టే తెలియకుండా సెట్టింగ్ పెట్టిన మేధావినీ నేనే. అందులో లోన్ ఫారాలేవో పెట్టుకుంటారనుకుని మళ్ళీ అటు చూడలేదు. ఏడాదంతా నన్నెవరూ పిలవట్లేదని వాళ్ళని తిట్టుకున్నాను!

"అయితే నిన్న బస్సు..."

"నీకోసమే ఆపించినాం! హారన్ కొట్టీ కొట్టీ డ్రైవరు సెయ్యి నొప్పెట్టింది. ఫోన్ ఎత్తవు. నీ గదేదో మాకెవులికీ తెల్దు. ఎస్తేరు మేడమ్ అంది, ఆయనెప్పుడూ రాడు, మనమంటే గిట్టదేమో, పోనియ్యండని."

గిట్టదా! నాకా! కర్టెన్ వెనకే ఉన్నానని చెప్పనా? "నిద్దరోయాను బావా" అన్నాను.

నన్ను నేను చేర్చుకున్నాను. ఫొటోలు తెరుచుకున్నాయి. విస్తళ్ళ ముందు అందరూ వరసగా కూర్చుని నవ్వుతున్నారు. ఒక్కో ఫొటో చాలాసేపు చూశాను. అక్కడ ఉండాలనిపించింది, అంతే.

నాయుడు లేచి తలుపు దగ్గర ఆగాడు. "ఈ ఆదివారం మా ఇంటికొచ్చీ బావా. మా యావిడ గారెలు సేత్తాది. ఊరికే కబుర్లాడుకుందాం."

ఏడాదిగా నేను ఎదురుచూసిన పిలుపు! నా నోట్లోంచి ఏం వచ్చిందో వినండి.

"ఆదివారమా? ఆదివారం కొంచెం పనుంది బావా!"

"సర్లే అయితే" అని అతను మెట్లు దిగిపోయాడు.

ఇవాళ శనివారం. ఆ పనేమిటో ఇంకా వెతుక్కుంటున్నాను.